రెండు ఊళ్ల బీడు, పటంలో లేని కల్లాలు

పింఛను లేని రిటైర్మెంటు నాది. సర్వేయరుగా పదకొండేళ్లు పనిచేసి, ముప్పై ఆరో ఏట రాజీనామా ఇచ్చి బయటికి వచ్చాను. ఇప్పుడు ఒంగోలులో ఇళ్ల ప్లాన్లు గీస్తున్నాను. ఈమధ్య కొత్తగా సర్వేయర్లుగా చేరబోతున్న ఇద్దరు వచ్చి ఉద్యోగం ఎలా ఉంటుందని అడిగారు. కొలత గొలుసు లాగడం, పటం గీయడం ట్రైనింగులో నేర్పుతారు. అక్కడ నేర్పనివి చెప్పబోతే వరస తప్పి, సగంలో ఆపేశాను. కాగితం మీదైతే నాకు వరస తప్పదు. అందుకని రాస్తున్నాను.

చాలా ఊళ్లు కొలిచాను కానీ ఒక్క బీడు గురించే రాస్తాను. బాగా చేశానని నేను గర్వపడిన పని అదే. తప్పు చేశానని సంతకం పెట్టి ఇచ్చిన పని కూడా అదే.

ఏ ఇంటా కూర్చోవద్దు

ఈ పని తొంభైల చివర్లో నా మీద పడింది. చిలకలూరిపేటకూ మార్టూరుకూ మధ్య, గుంటూరు జిల్లా అయిపోయి ప్రకాశం జిల్లా మొదలయ్యేచోట, సుమారు తొంభై ఎకరాల ప్రభుత్వ బీడు ఉంది. దానికి ఉత్తరాన ఒక ఊరు, దక్షిణాన ఒక ఊరు. పేర్లు రాయను. ఉత్తరపు ఊరు గుంటూరు జిల్లాది, దక్షిణపు ఊరు ప్రకాశం జిల్లాది. రెండు ఊళ్ల గొడ్లూ గొర్రెలూ అందులోనే మేసేవి. చుట్టూ నల్లరేగడి పొలాలు, పత్తి, మిరప. ప్రతి దుక్కికీ పక్క పొలాల ట్రాక్టర్లు ఒక చాలు లోపలికి జరిగేవి. ఎవరో రాతి వ్యర్థాలు తెచ్చి ఒక మూల పోస్తున్నారు. ఒక ఊరు ఫిర్యాదు చేస్తే రెండో ఊరు అడ్డం చెప్పేది. ఇలా అయితే పదేళ్లలో బీడే మిగలదని, రెండు పంచాయతీలూ కలిసి ఒక ప్లాను వేసుకోవాలని పైవాళ్లు తేల్చారు. కొంత కాపాడుకోవాలి, కొంత బాగుచేసుకోవాలి. ఆ ప్లానుకు కొలతలూ పటమూ నా వంతు.

మా ఇన్‌స్పెక్టరు నాగభూషణం గారు ముప్పై ఏళ్లు గొలుసుతో తిరిగిన మనిషి. మాట్లాడుతూ వేరుశనగకాయలు వలిచేవారు, తినేవారు కాదు, ఎదుటివాళ్ల ముందు పెట్టేవారు. నన్ను పంపే ముందు ఒక్కటే మాట చెప్పారు.

"ఆ రెండూళ్లలో ఎవరింట్లోనూ కూర్చోబాకు. మంచినీళ్లు కూడా తాగబాకు. నువ్వు ఒక ఊళ్లో కాఫీ తాగితే, అది చల్లారకముందే రెండో ఊరికి తెలుస్తది. ఇక నువ్వు ఏ గీత గీసినా ఆ కాఫీ గీయించినట్టే."

"దాహమేస్తే ఎలా సార్?"

"సీసా తీసుకెళ్లు. డిప్లొమా చదివావు, ఆ మాత్రం తట్టదా?"

ఒక నియమం చెబితే దాన్ని చివరిదాకా పట్టుకునే రకం నేను. ఉదయం చిలకలూరిపేటలో బస్సెక్కేటప్పుడు నా సంచిలో ఉండేవి ఇవి: నీళ్ల సీసాలు రెండు, పెరుగన్నం డబ్బా, గొడుగు, టేపు, రెండు ఊళ్ల పాత పటాల నకళ్లు, పెన్సిళ్లు మూడు, రబ్బరు, దెబ్బ తగిలితే కట్టుకోవడానికి గుడ్డ. సంచిలో లేనిదేదీ ఎవరినీ అడగకూడదని పెట్టుకున్నాను. మూడేళ్లూ అడగలేదు.

గొలుసు పట్టడానికి ఊరికొక మనిషిని ఇచ్చారు. మధ్యాహ్నం ఒకరు ఉత్తరానికి, ఒకరు దక్షిణానికి అన్నానికి వెళ్లేవారు. బీడు మధ్యలో నేను గొడుగు పాతుకుని డబ్బా తెరిచేవాణ్ణి. మొదట్లో ఆ మధ్యలో కూర్చోవడం నాకు గొప్పగా ఉండేది. రెండు ఊళ్లకూ సమాన దూరం. ఒకసారి సరదాకి కొలిచాను కూడా. నేను కూర్చునే చోటు పదమూడు గజాలు దక్షిణానికి ఎక్కువ ఉంది. మర్నాటి నుంచి జరిగి కూర్చున్నాను.

పేటలో నా గది ఒక జిన్నింగు మిల్లు వెనక. కిటికీ జాలీకి దూది నూగు పట్టి ఉండేది. ఇంటివాళ్లు కింద ఉండేవారు. నెల మొదట్లో తప్ప పనిపడేది కాదు. శనివారం సాయంత్రం గదికి చేరితే మళ్లీ సోమవారం ఉదయం బస్సు కండక్టరుతోనే మాట. "మార్టూరు ఒకటి" అనేసరికి గొంతు బొంగురుగా వచ్చేది. ఒకసారి కండక్టరు, "జలుబా సార్?" అని అడిగాడు. అవునన్నాను.

రెండు పటాల మధ్య ముక్క

పాత పటాలు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే సరిహద్దు దగ్గర కలవలేదు. సన్నటి ముక్క ఒకటి, రెండెకరాలుంటుంది, ఏ పటంలోనూ లేదు. ఒక జిల్లా అక్కడ ఆగిపోయింది, ఇంకో జిల్లా ఇక్కడ మొదలైంది. ఆ మాట రెండు ఊళ్ల ప్రెసిడెంట్లకూ చెప్పిన రోజు బాగా గుర్తు.

ఉత్తరపు ఊరి ప్రెసిడెంటు కోటేశ్వరరావు గారు మిరప రైతు, పెద్ద గొంతు. దక్షిణపు ఊరి ప్రెసిడెంటు మస్తాన్ గారిది పత్తి వ్యాపారం. నెమ్మదిగా మాట్లాడేవారు, అందుకే ఎక్కువ గుచ్చుకునేది. ఒకరి ఊళ్లోకి ఒకరు రారు కాబట్టి మీటింగులన్నీ బీడులోనే. కుర్చీలు ఎవరివి వాళ్లు మోయించుకొచ్చేవారు. నాకు ఎవరూ తెచ్చేవారు కాదు. తెచ్చినా కూర్చునేవాణ్ణి కాదు.

"రెండు పటాల్లోనూ లేదంటే అదెవరిది మరి?" అన్నారు కోటేశ్వరరావు గారు.

"ప్రభుత్వానిదేనండి. మొత్తం బీడులో కలుపుతాం."

"మా వైపు కలుపు."

మస్తాన్ గారు నవ్వారు. "గంట కిందటిదాకా అదొకటుందని కూడా మీకు తెలవదు గదండీ. అప్పుడే అంత అవసరం పడిందా?"

"నీకొద్దా?"

"వద్దని నేనెప్పుడన్నాను?"

ఇలా రెండేళ్లు. చివరకు ప్లాను కుదిరింది. పడమర భాగమంతా మేతకు. పల్లంలో వాననీటి కుంట. రోడ్డు పక్కన పశువుల ఆసుపత్రికి షెడ్డు. తూర్పున మెరక మీద ఎనిమిది ఎకరాల ఎర్ర గరప నేల, గులకరాళ్లు కలిసి గట్టిపడినది, ఉంది. గడ్డి కూడా మొలవదు. పటంలో దాని మీద 'నిరుపయోగం' అని రాసి, వేప, కానుగ మొక్కల తోపు చూపించాను. తోపు మీద వచ్చేది రెండు ఊళ్లకూ సగం సగం. ఎవరి వరసలు ఎవరివో కూడా గీసిచ్చాను. ఏ పంచాయతీకి ఆ పంచాయతీ విడివిడిగా తీర్మానం చేసింది. ఆ రోజు గదికి వెళ్లి పటాన్ని గోడకు అతికించుకుని చాలాసేపు చూసుకున్నాను. చూపించడానికి ఇంకెవరూ లేరు.

ఇక్కడ ఒక చిన్న తప్పు కూడా చెప్పాలి. హద్దురాళ్లకు ఒక పాలిష్ యూనిట్‌లో పనికిరాని గ్రానైటు ముక్కలు ఊరికే ఇస్తామంటే సంబరంగా తెచ్చి పాతించాను. నెల తిరిగేసరికి సగం లేవు. ఒకటి కోటేశ్వరరావు గారి పెరట్లోనే ఉందని తెలిసి, వాకిట్లో నిలబడే అడిగాను.

"రాయి మీదే సర్వేరూ," అన్నారాయన ఏ మాత్రం తొణక్కుండా. "ఒక పక్క నున్నగా ఉందని మా ఆడోళ్లు బట్టలుతకడానికి ఏసుకున్నారు. హద్దు మా ఇంటిదాకా వచ్చిందని మాత్రం రాసుకోబాకు."

హద్దురాయిగా పాతేది ఇంకెందుకూ పనికిరాకూడదు. ఇది ఏ మాన్యువల్లోనూ లేదు, రాసి పెట్టుకోండి.

కాయ లేనప్పటి కల్లం

అసలు తప్పుకు వస్తాను. మూడో ఏడు సెప్టెంబరులో మెరక మీద మొక్కలకు గుంటలు తీయిస్తున్నాను. నడివయసు ఆవిడ ఒకరు కొంగు నడుముకు చుట్టుకుని, పొలం పనిలోంచి అలాగే వచ్చినట్టు వచ్చింది. ఒక గుంట దగ్గర ఆగి లోపలికి చూసింది.

"ఇయ్యి ఎవరు తియ్యమన్నారయ్యా?"

"రెండు పంచాయతీల ప్లానమ్మా. చెట్లు పెడుతున్నారు."

"చెట్లు మంచియ్యే. మా కల్లాల్లో ఎందుకు?"

"ఇక్కడ కల్లాలెక్కడున్నాయి? ఖాళీ నేల కదా."

"కాయ లేనప్పుడు కల్లం ఖాళీగా కాక ఎట్టా ఉంటదయ్యా?"

ఆవిడ పేరు రాహేలమ్మ. భర్త పేటలో జిన్నింగు మిల్లులో పని. రెండు ఊళ్లకూ మధ్య, బీడు తూర్పు అంచున చిన్న చర్చి చుట్టూ ఒక పల్లె ఉంది. అందులో పదకొండు కుటుంబాలు రెండు ఊళ్ల ఆసాముల దగ్గరా చేలు కౌలుకు తీసుకుని మిరప వేస్తాయి. ఆసాములకు సొంత పొలాల్లో కల్లాలున్నాయి. వీళ్లకు ఆ గరప నేలే కల్లం. రేగడి మీద పోస్తే నేల చెమ్మకు కాయ మచ్చపడి, ధర పలకని తాలు అవుతుంది. గరప మీద గలగలలాడుతూ ఎండుతుంది. గడ్డి మొలవదని నేను నిరుపయోగం అని రాసిన నేల, గడ్డి మొలవదు కాబట్టే వాళ్లకు కావాలి.

కాయ అక్కడ ఉండేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. నేను ఆ బీడుకు వచ్చింది ప్రతి ఏడూ జూన్ నుంచి డిసెంబరు దాకా. జనవరిలో నన్ను ఒంగోలు ఆఫీసులో వేరే పనికి లాగేవారు. మూడేళ్లలో ఒక్క ఫిబ్రవరి కూడా ఆ నేలను చూడలేదు. రోడ్డు మీద పోయే బస్సుకు మెరక కనపడదు.

"చేలో మొక్కలు పెట్టేశాం," అంది రాహేలమ్మ. "జనవరి ఆఖరుకి కోత. ఎండబెట్టుకునే చోటు లేనోళ్లకి మిరపకి చేనెవరిస్తారు? మా ఆసామి నిన్ననే అడిగాడు, మీ కల్లం పోయిందంట గదా రాహేలూ, వచ్చే ఏడు ఎట్టా చేస్తావు అని. ఆయన ఎట్టా అడిగాడో నాకు తెలవదా?"

"మూడేళ్ల నుంచి ఇక్కడే తిరుగుతున్నానమ్మా. ఎవరూ ఒక్క మాట చెప్పలేదే."

"మీరు పల్లెలోకి రాలేదుగా. పోయినేడు ఎండలో కూర్చున్నారని మా ఆయన మంచినీళ్లు కావాలా అని అడిగితే సీసా ఎత్తి చూపిచ్చారంట. నోరు కూడా తెరవలేదంట. మాట్లాడని ఆఫీసరుకి ఎవరేం చెప్తారు?"

ఆ మనిషి నాకు గుర్తున్నాడు. ఆ రోజు నా నియమం నిలబెట్టుకున్నానని సంతోషించాను.

గుంటలు తీసేవాళ్లను ఆపలేదు. అది నా రెండో తప్పు. కొలతలు మాత్రం మర్నాడు తీశాను. "మీ కల్లం ఎంతమ్మా?" అంటే, "ఆరు పరదాలు," అంది. రాత్రి మంచు పడకుండా కాయ మీద కప్పే టార్పాలిన్‌ను అక్కడ పరదా అంటారు. ఎవరి కల్లమైనా పరదాల్లోనే లెక్క. గుంటల మధ్య నడుస్తూ ఆవిడ చూపించింది. ఇది మాది, ఆరు. ఆ పక్కది మా తోడికోడలిది, నాలుగు. అటు దేవసహాయంది, ఎనిమిది. నా కంటికి గీతా లేదు, గట్టూ లేదు. ఆవిడ మాత్రం ఒక్కచోట కూడా తడుముకోలేదు. పదకొండు పేర్లూ, అరవై అయిదు పరదాలూ రాసుకున్నాను. నడిచే దారితో కలిపి ఎకరంపావు తేలింది. తొంభై ఎకరాల్లో ఎకరంపావు. అదంతా దక్షిణపు ఊరి చెట్ల వరసల్లో పడింది.

'మా' అని రాయబాకు

నాగభూషణం గారి దగ్గరికి వెళ్లాను. విని, వేరుశనగకాయలు వలుస్తూనే, "ఎవరెవరికి తెలుసు?" అన్నారు.

"పల్లె వాళ్లకు, నాకు."

"ఇప్పుడు నాకు. ఇక చాలు. రెండేళ్లకి కుదిరిన మాట అది. దక్షిణం వాళ్ల వరసలు తగ్గితే ఉత్తరం వాళ్లవి అడుగుతారు. మొత్తం కూలుద్ది. చెట్ల మధ్య పోసుకోమను."

"నీడలో కాయ ఎండదు సార్."

ఆయన చెయ్యి ఆగింది. వలిచిన కాయలు నా ముందుకు జరిపి, "సరే, రాసివ్వు," అన్నారు. "'మా పొరపాటు' అని రాయబాకు. 'నా పొరపాటు' అని రాయి."

ఆయన్ను తప్పుబట్టను. ఆ మాట చెప్పిన తీరులో మోసం లేదు. పైవాడు మీ వెనక నిలబడతాడని ఎవరైనా మీకు చెబితే మాత్రం నమ్మకండి. మంచి పైవాడైతే నిలబడనని ముందే చెబుతాడు.

కాగితం రాశాను, కానీ ఇవ్వలేదు. అక్టోబరు పోయింది, నవంబరు పోయింది. కాగితం సంచిలో పటాల మడతలో ఉండేది. గుంటల్లో మొక్కలు పెట్టారు. చిగురు కూడా వేశాయి. రాహేలమ్మ మళ్లీ అడగలేదు. చేనికి పోతూ నేనున్న వైపు ఒకసారి చూసి వెళ్లేది. మిరప పూత దిగి పిందె పడింది. ఎవరితోనైనా చెప్పుకుని ఉంటే తొందరగా తేలేదేమో. చెప్పుకోదగ్గ మనిషిని మూడేళ్లలో ఒక్కణ్ణి కూడా పెట్టుకోలేదు.

డిసెంబరు మీటింగులో లేచి చెప్పాను. వరసగానే చెప్పాను: ఏ నేల, ఎంత, ఎవరివి, ఎలా తప్పింది, ఎలా దిద్దాలి. అయిపోయాక కోటేశ్వరరావు గారు అందుకున్నారు.

"అంటే మళ్లీ మొదటికొచ్చామా? మీ వరసలు పోయినయ్యని మావి అడుగుతావు, అంతేగా మస్తానూ?"

"నేనింకా నోరే తెరవలేదు."

"తెరిచినా ఇచ్చేది లేదు. తీర్మానం తీర్మానమే."

"అయితే మా తీర్మానం కూడా మా దగ్గరే ఉంది. పల్లెలో ఏడు కుటుంబాలు మీ ఆసాముల చేలే చేస్తన్నాయి. కల్లం మీరివ్వండి."

"మేమెందుకిస్తాం? గుంటలు తీసింది మీ కూలీలు."

కుర్చీలు మడవడం మొదలైంది. మరో నిమిషంలో ప్లాను మొత్తం పోయేది. రాహేలమ్మా, పల్లె వాళ్లు నలుగురూ దూరంగా నిలబడి ఉన్నారు. మస్తాన్ గారు వాళ్ల వైపు చూసి, కుర్చీ మళ్లీ తెరిపించారు.

"సర్వేరు గారూ, ఈ తప్పులో మా ఊరి తప్పేమన్నా ఉందా?"

"లేదండి."

"వాళ్ల ఊరిది?"

"లేదండి. నాది."

"అదే రాసిస్తారా?"

సంచిలోంచి కాగితం తీసి ఇచ్చాను. ఆయన చదివి కోటేశ్వరరావు గారికి అందించారు.

"చూశారా? ఇందులో మీరు మాకిచ్చేదీ లేదు, మేం మీకిచ్చేదీ లేదు. ఆయన తప్పు చేశాడు, మనిద్దరం దిద్దుతున్నాం. తగ్గిన వరసలు రోడ్డు పక్కన పెడదాం, సగం సగం."

కోటేశ్వరరావు గారు రెండుసార్లు చదివారు. "ఇదైతే ఊళ్లో చెప్పుకోవచ్చు," అన్నారు. వెంటనే అక్కడే ఉమ్మడి అర్జీ రాయించారు: సర్వేయరు నిర్లక్ష్యం వల్ల జరిగిన తప్పును దిద్దాలి, అతని మీద చర్య తీసుకోవాలి, అతన్ని మార్చి వేరే మనిషిని వేయాలి.

"నిర్లక్ష్యం అంటే సరిపోదండీ. 'తీవ్ర' అని చేర్చండి," అన్నారు మస్తాన్ గారు.

"చేర్చు చేర్చు. జీతం ఊరికే తీసుకుంటన్నాడా?" అన్నారు కోటేశ్వరరావు గారు. ఇద్దరూ కలిసి నవ్వడం నేను చూసింది అదే మొదలు. సర్వే నంబరులో ఒక అంకె తప్పు రాస్తుంటే చెప్పి దిద్దించాను. రెండు ఊళ్ల ముద్రలూ ఒకే కాగితం మీద పడ్డాయి. తర్వాత ఇద్దరూ పత్తి ధర మాట్లాడుకుంటూ రోడ్డు వైపు నడిచారు. కుర్చీలు మోసేవాళ్లు వెనకే వెళ్లారు. ఆ సాయంత్రం నన్ను ఎవరూ తిట్టలేదు, ఎవరూ పలకరించలేదు.

మెమో వచ్చింది. ఒంగోలులో రికార్డుల గదికి మార్చారు. ఆ తర్వాత నేను ఊళ్లు కొలిచింది తక్కువ. నా మీద తప్పు వేసుకుని రెండు ఊళ్లను కలిపానని ఎవరైనా అంటే ఒప్పుకోను. రెండు నెలలు భయపడి, చివరికి ఒక మాట చెప్పాను. మిగతా తెలివి మస్తాన్ గారిది.

కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. ఏ నేలనైనా ఏడాది పొడుగునా చూడకుండా ఖాళీ అని రాయకండి. నీళ్లిస్తే తాగండి, రెండు ఊళ్లలోనూ తాగండి. ఊరి చివర ఇంట్లో ముందు తాగండి. కాఫీ తాగినందుకు వచ్చే నింద పటం మీద తప్పు కంటే చిన్నది.

ఒంగోలు వెళ్లే ముందు ఒక పని మిగిలింది. కల్లాలకు నాలుగు మూలలా రాళ్లు వేయించి, కొలత సరిచూసి అప్పజెప్పాలి. ఫిబ్రవరిలో వెళ్లాను. మొక్కలు పీకి వేరేచోట పెట్టారు, గుంటలు పూడ్చి నేల దిమ్మిస కొట్టారు. మెరక ఎక్కగానే ఘాటుకు వరసగా తుమ్ములు వచ్చాయి. ఎక్కడా నేల కనపడలేదు. అంతా కాయే. పదకొండు కుటుంబాల వాళ్లూ వంగి కాయ తిరగేస్తున్నారు. టేపు పట్టుకుని మధ్యదాకా నడిచి, రాహేలమ్మ దగ్గర ఆగాను.

"చోటు సరిపోయిందా అమ్మా?"

"ఇంకో పరదా ఉంటే బాగుండేది," అంది తలెత్తకుండా. "అయ్యా, మీరు కాయ తొక్కుతన్నారు."

కిందికి చూశాను. బూటు కింద నాలుగు కాయలు చిట్లి గింజలు బయటపడి ఉన్నాయి. పటంలో నేను నాలుగడుగుల దారి వదిలాను. వాళ్లు దాని మీద కూడా పోసుకున్నారు. దారి ప్లానులో ఉందని చెప్పబోయి మానేశాను. బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, కాయకూ కాయకూ మధ్య సందు వెతుక్కుంటూ వేళ్ల మీద నడిచి అంచు చేరాను. తిరిగి చూస్తే, నేను నిలబడ్డ చోట రాహేలమ్మ అప్పటికే కాయ సర్దేసింది.